ఎడమకు వాలిన అతుకు

"నాలుగడుగులు!" అన్నాడు ల్యాబాయన. ఏడుపొక్కటే తక్కువ. "సరిగ్గా నాలుగడుగుల ఫిల్ము పోయిందక్కా. ముప్ఫై ఏళ్లలో నా చేతిలోంచి ఒక్క ఫ్రేము జారలేదు!"

ఆరా గోడ గడియారం వైపు చూసింది. పన్నెండూ పది. సాయంత్రం ఆరింటికి సైకిల్ క్లబ్బు హాల్లో ఆ రీలు వెయ్యాలి. అంటే చేతిలో ఉన్నది ఐదు గంటల యాభై నిమిషాలు.

ఆరా అన్నది ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పాతికేళ్లుగా ఊళ్లోవాళ్ల సంగతులన్నీ ఆరా తీసీ తీసీ ఆ పేరే ఖాయమైపోయింది. చిక్కుముడి ఎంత గట్టిగా ఉంటే ఆమెకు అంత హుషారు. ఈ కేసైతే ఫోన్లో వింటుండగానే నవ్వు ఆగలేదు.

ఫోను చేసినాయన రిటైరైన పోస్టుమాస్టరు. డెబ్భై నాలుగేళ్లు. యాభై రెండేళ్ల కిందట చెరువు చుట్టూ ఆరు రౌండ్ల సైకిల్ పందెం జరిగింది. ఆయనా, ఆయన ప్రాణస్నేహితుడూ చక్రానికి చక్రం ఆనించినట్టు ఒకేసారి గీత దాటారు. పెద్దలు కాసేపు తలలు గోక్కుని, "ఇద్దరూ గెలిచారు పొండి" అని ఒకే కప్పు ఇద్దరి చేతుల్లోనూ పెట్టారు. రెండేళ్లకు ఆ స్నేహితుడు పోస్టుమాస్టరు చెల్లెల్ని పెళ్లి చేసుకుని బావగారయ్యాడు. రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కప్పు మాత్రం ఆరు నెలలు ఈ ఇంట్లో, ఆరు నెలలు ఆ ఇంట్లో కాపురం చేస్తూ వచ్చింది. చేతులు మారే ప్రతిసారీ గొడవే. "గెలిచింది నేను." "ఎవరు చెప్పారు? నేను!"

ఆ పందేన్ని పోస్టుమాస్టరు చిన్నాన్న చిన్న సినీ కెమెరాతో తీశాడు. తీసి, డబ్బా మీద "వెలుతురు పడి పాడైంది" అని రాసి అటకెక్కించేశాడు. ఆయన పోయి పదేళ్లయింది. మొన్న ఇంటికి రంగులు వేయిస్తుంటే డబ్బా బయటపడింది. లోపల ఐదు రీళ్లు. నాలుగోది పందెం. పాడవ్వడం మాట అటుంచి, బొమ్మ అద్దంలా ఉంది! దాన్ని ల్యాబాయన కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తే యాభై రెండేళ్ల తగవు తెరమీద తేలిపోతుంది.

తేలకుండా ఎవరో కత్తెర వేశారు.

"నాలుగడుగులే అని ఎలా చెబుతున్నావు?" అంది ఆరా.

"లెక్క ఉందక్కా. ఈ పాత సన్న ఫిల్ములో అడుగుకి ఎనభై బొమ్మలు. నిన్న సాయంత్రం ఐదున్నరకి తుడిచి, కొలిచి, కార్డు మీద రాశాను. నాలుగువేల ఫ్రేములు. ఇవాళ స్కానరు ఏం రాసుకుందో చూడు." తెరమీద ఒక వరస చూపించాడు. "పదకొండింటికి మొదలు. పదకొండు దాటి ఏడు నిమిషాల నలభై సెకన్లకి పూర్తి. నా మిషను సెకనుకి ఎనిమిది ఫ్రేములు తీస్తుంది. నాలుగువేలకి ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు పట్టాలి."

ఆరా పెదాలు కదిపి గుణించుకుంది. "మూడు వందల ఇరవై ఫ్రేములు తక్కువ."

"తెరమీద ఇరవై సెకన్లు. గీత దగ్గరికి వస్తున్నారు, వస్తున్నారు... టక్కున జనం చప్పట్లు కొడుతుంటారు. గీత దాటిన ముక్కే లేదు!"

లోపలి గదిలోంచి తుమ్ము వినిపించింది.

"అక్కడెవరు?"

ల్యాబాయన నేల చూపులు చూశాడు. "నీకంటే పావుగంట ముందొచ్చాడక్కా. డ్రైవరుగారు పెట్టుకున్నారట."

ఆరా తలుపు తోసింది. అనుకున్నంతా అయింది. నల్లకోటు, ఎర్ర టై. ఊళ్లో అందరూ అతన్ని టైగారనే పిలుస్తారు. మూడేళ్లు ఆరా దగ్గర పని నేర్చుకుని, నాలుగో ఏట ఆమె ఆఫీసుకి ఎదురుగానే ఆమె బోర్డుకి రెండింతల బోర్డు కట్టాడు.

"నమస్కారం మేడం. కాస్త ఆలస్యంగా వచ్చారు. దొంగ దొరికాడు."

"దొంగ సంగతి తర్వాత. నీ చేతిలో ఆ కుంచె ఏమిటి?"

"వేలిముద్రల పౌడరు. బల్లంతా చల్లాను."

ల్యాబాయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆ గదిలోకి ఆయన చెప్పులు విప్పి, తల దువ్వుకుని మరీ వెళతాడు.

"ఫిల్మున్న గదిలో పౌడరు చల్లావా?" ఆరా గొంతు పెంచలేదు. పెంచకపోతేనే టైగారికి భయం. "ఒక్క రేణువు పడితే తెరమీద బండరాయంత కనపడుతుంది. నీకు చెప్పిన చదువంతా పౌడర్లో పోసిన పన్నీరైంది కదరా నాయనా!"

టైగారు కుంచె జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. "పోస్టుమాస్టరుగారి కళ్లజోడు పెట్టె ఈ బల్ల కింద దొరికింది. అది ఒకటి. ఆయన చేతులు వాసన చూశాను. పుల్లటి వెనిగర్ వాసన. రీలుకీ అదే వాసన. అది రెండు. ఇక ఓడిపోయానని తేలుతుందేమోనన్న భయం ఉండనే ఉంది. కేసు మూసేశాను. క్లబ్బు ప్రెసిడెంటుకి ఫోను చేసి చెప్పడమే తరువాయి."

"ఏదీ, నీ చెయ్యి ఇలా ఇవ్వు."

అతను అయోమయంగా చెయ్యి చాపాడు. ఆరా వాసన చూసి, ఆ చేతిని అతని ముక్కుకే ఆనించింది.

"నువ్వూ దొంగవే. ఫిల్ము ముసలిదైతే ఈ వాసనే వస్తుంది. ఆ డబ్బా మూత తీసినవాళ్లందరి చేతులకీ అంటుకుంటుంది."

"నాకు ముప్ఫై ఏళ్లుగా వదల్లేదు" అన్నాడు ల్యాబాయన. "నేను ఏ గదిలో ఉన్నానో మా ఆవిడ ముక్కుతోనే చెప్పేస్తుంది."

"మరి కళ్లజోడు పెట్టె?" అన్నాడు టైగారు, ముక్కు తుడుచుకుంటూ.

"అది ఆయన్నే అడుగుదాం."

ముందు గదిలో బెంచీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. పోస్టుమాస్టరు సన్నంగా, పొడుగ్గా, ఉత్తరం కవరులా ఉన్నాడు. డ్రైవరు గుండ్రంగా ఉన్నాడు. నాలుగు రోజుల కిందటే కంటి ఆపరేషనైంది కాబట్టి నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా నలుగురు పట్టేంత ఖాళీ.

ఆరా ల్యాబు పుస్తకం తెరిచింది. వచ్చినవాళ్లందరూ టైము వేసి సంతకం పెట్టే పుస్తకం అది.

"డ్రైవరుగారూ, పొద్దున మీరిక్కడికి వచ్చారా?"

"రాలేదు."

"తొమ్మిదీ నలభైకి సంతకం ఉంది."

"అయితే వచ్చాను."

"ఎందుకొచ్చారు?"

ఆయన బావమరిది వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు. "నేను ఓడిపోయుంటే ముందే చెప్పెయ్యి బాబూ, సాయంత్రానికి కడుపునొప్పి తెచ్చుకుంటానని అడగడానికి."

"లోపలి గదిలోకి వెళ్లారా?"

"రానిస్తేగా! ఈ గుమ్మం దగ్గరే ఆపేశాడు. పది నిమిషాలు బతిమాలి వెళ్లిపోయాను."

"నిజమే" అన్నాడు ల్యాబాయన.

"పోస్టుమాస్టరుగారూ, మీరు పదింటికి వచ్చారు. పదీ ఇరవైకి వెళ్లారు. లోపల కూర్చున్నారు."

"కూర్చున్నాను." పెద్దాయన దాచలేదు. "నేనూ అదే అడుగుదామని వచ్చాను. ఇతను ఫోను మాట్లాడటానికి ఇటొచ్చినప్పుడు రీలు చివర పట్టుకుని వెలుతురుకి చూశాను. చూస్తే ఏముంది? చెయ్యి వణికి చీమలు పాకినట్టు కనపడింది. కళ్లజోడు పెట్టె అక్కడే మర్చిపోయి వచ్చేశాను."

"ఫోను ఎంతసేపు మాట్లాడావు?" ల్యాబాయన్ని అడిగింది.

"మూడు నిమిషాలు. మించదు."

"మూడు నిమిషాలు చాలు మేడం" అన్నాడు టైగారు. "రీలు చివరి ముక్క పైనే చుట్టి ఉంది. విప్పక్కర్లేదు కూడా."

ఆరా ఒక పనికిరాని ఫిల్ము ముక్కని రెండుగా కత్తిరించి, అతికే టేపు చుట్టతో సహా పోస్టుమాస్టరు చేతికిచ్చింది. "బాబాయ్‌గారూ, ఈ రెండింటినీ కలపండి చూద్దాం."

నలభై ఏళ్లు ఉత్తరాల మీద ముద్రలు గుద్దిన చెయ్యి అది. ఇప్పుడు ఊరికే ఉన్నా ముద్ర గుద్దుతూనే ఉంటుంది. టేపు ముందు బొటనవేలికి అంటుకుంది. అక్కణ్నుంచి చొక్కాకి, చొక్కా మీంచి మీసానికి. ఆఖరికి ఫిల్ము ముక్క మీసం మీద వేలాడుతుంటే, బెంచీ ఆ చివర్నుంచి డ్రైవరు పగలబడి నవ్వాడు.

"మీరూ కానివ్వండి" అని ఆరా ఇంకో ముక్క ఆయన చేతిలో పెట్టింది.

డ్రైవరు నల్లద్దాలు ఎత్తాడు, దించాడు, నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా అతికాడు. తీరా చూస్తే ఫిల్ముని బెంచీ మీది పేపరుకి అతికించాడు. ఈసారి పోస్టుమాస్టరు నవ్వాడు. నవ్వుతుంటే మీసం మీది ముక్క ఊడి కింద పడింది.

"నటిస్తున్నారు!" అన్నాడు టైగారు.

"ఈ నటన వచ్చుంటే వీళ్లు సైకిలు తొక్కేవాళ్లు కాదు, సినిమాల్లో చేరేవాళ్లు. ఇక అసలు అతుకు చూద్దాం పద."

ల్యాబాయన బల్ల తుడిచి, గాలి ఊది, నాలుగో రీలుని భూతద్దం కింద పరిచాడు. కోసిన రెండు కొసలనీ టేపుతో కలిపిన చోటు అది. ముడత లేదు, బుడగ లేదు. పక్కనున్న రంధ్రాలు ఒకదాని మీద ఒకటి సూదిమొనంత తేడా లేకుండా కూర్చున్నాయి.

"పనిమంతుల చెయ్యి" అన్నాడు ల్యాబాయన. ఆ మాట అన్నందుకు తనకే సిగ్గేసింది. "టేపు నాదే. కత్తెరా నాదే. నేను కుడిపక్క పెట్టుకునే కత్తెర ఇవాళ ఎడమపక్క ఉంది."

"ఈ కోత నిటారుగా లేదేమిటి?"

"అవును, ఎడమకు వాలింది. నేను కొయ్యడానికి ఫిల్ము బిగించే దిమ్మ వాడతాను, అందుకే నిటారుగా వస్తుంది. దిమ్మ లేకుండా కత్తెరతో కంటి అంచనాకి కోస్తే కాస్త వాలుతుంది." అని ఒక ముక్క తీసి కుడిచేత్తో కత్తిరించి చూపించాడు. కోత కుడికి వాలింది. కత్తెర ఎడమచేతికి మార్చి మళ్లీ కత్తిరించాడు. ఎడమకు వాలింది.

ఆరా ఆ రెండు ముక్కలనీ పక్కపక్కన పెట్టి చూసింది. "మిగతా నాలుగు రీళ్లూ తియ్యి."

ఒక్కొక్కటే భూతద్దం కిందికి వచ్చాయి. పిల్లలు, కుక్కపిల్ల, ఎవరిదో కొత్త కారు, వానలో గొడుగులు. ప్రతి రీల్లోనూ రెండో మూడో పాత అతుకులు. అప్పట్లో ఇంట్లో కూర్చుని, అక్కర్లేని ముక్కలు తీసేసి జిగురుతో కలిపినవి. జిగురు పచ్చబడింది గానీ కోత చెక్కుచెదరలేదు. పదకొండు అతుకులు లెక్కపెట్టింది. పదకొండూ ఎడమకే వాలాయి.

"అతుకు కూడా చేతిరాత లాంటిదే" అంది ఆరా మెల్లగా. "పన్నెండోది ఇవాళ పొద్దున రాశారు."

టైగారు కూడా వంగి చూశాడు. టై అడ్డం రాకుండా భుజం మీదికి వేసుకున్నాడు.

ఆరా ముందు గదిలోకి వచ్చింది. "బాబాయ్‌గారూ, మీ చిన్నాన్న ఫిల్ములు తీస్తే అతికేదెవరు?"

"ఇంకెవరు, మా చెల్లాయి. మా ఇద్దరి చేతులూ సైకిలు గొలుసుల జిడ్డని చిన్నాన్న మమ్మల్ని ఆ ఛాయలకే రానిచ్చేవాడు కాదు. అది మాత్రం ఎడమచేత్తో చకచకా..." ఆయన ఆగిపోయాడు.

డ్రైవరు నల్లద్దాలు తీసేశాడు. "మా ఆవిడా?"

ఆరా పుస్తకంలో మూడో సంతకం మీద వేలు పెట్టింది. పదీ ఇరవై ఐదుకి లోపలికి. పదీ యాభైకి బయటికి.

"టీచరుగారా!" ల్యాబాయన చెంపలు వాయించుకున్నంత పని చేశాడు. "ఛ, ఆవిడ నాకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పారక్కా! పాత ఫొటోలకి కాపీలు కావాలన్నారు. నేను ఈ గదిలో కాపీలు తీస్తుంటే, ఆవిడ కాళ్లు నొప్పులని లోపల కుర్చీలో కూర్చున్నారు. పన్నెండు నిమిషాలు... అయ్యో! ఒంటిగంటకి వచ్చి కాపీలు తీసుకెళతానన్నారు."

గడియారం ఒంటిగంటకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. కింద గేటు చప్పుడైంది.

"ఎవరూ కదలొద్దు" అని ఆరా మెట్ల మీదికి వెళ్లింది.

టీచరమ్మ సగం మెట్లెక్కి ఆగింది. డెబ్భై ఏళ్ల మనిషి. చిన్న ఒళ్లు, తెల్లటి ముడి, ఎడమ భుజాన సంచీ. ఆరాని చూడగానే, కాపీ కొట్టిన పిల్లాణ్ని పట్టుకున్న టీచరులా కాకుండా, పట్టుబడ్డ పిల్లాడిలా నవ్వింది.

"అతుకు బాగా కుదిరిందా?"

"బ్రహ్మాండంగా కుదిరింది. అందుకే దొరికిపోయారు."

"నీ పేరు విన్నప్పుడే అనుకున్నాన్లే అమ్మాయ్." మెట్టు మీదే కూర్చుని, సంచీలోంచి మందుబిళ్లల డబ్బా తీసింది. మూత తీస్తే లోపల నాలుగడుగుల ఫిల్ము, గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంది. "పారెయ్యలేదు. చిన్నాన్న చేతులతో తీసింది ఎలా పారేస్తాను?"

"ఎందుకు కోశారు?"

ఆవిడ ఫిల్ము చుట్ట కొసని గోటితో సర్దింది. "ఆ కప్పు ఎప్పుడు చేతులు మారినా వాళ్లిద్దరూ పోట్లాడుకుంటారు. పోట్లాటయ్యాక నవ్వుకుంటారు. నాలుగు రోజులుండి, పేకాడి, పిల్లల్ని వెంటేసుకుని చెరువు చుట్టూ తిరిగొస్తారు. ఏడాదికి రెండుసార్లు నా పుట్టిల్లూ మెట్టిల్లూ ఒకే గదిలో కూర్చుంటాయి. తగవు తేలిపోతే ఇక ఎందుకొస్తారు చెప్పు? అందులోనూ ఇది ఇలా తేలితే..."

ఆరా ఫిల్ముని మెట్ల కిటికీ వెలుతురుకి పట్టి, భూతద్దం ఆనించింది. గోరంత బొమ్మలు. సైకిళ్లు. గీత. ఒక ఫ్రేము, ఇంకో ఫ్రేము, ఇంకొకటి. ఆమె కనుబొమలు పైకి లేచాయి. ఇంకా లేచాయి. ఆ తర్వాత ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"చూశావుగా" అంది టీచరమ్మ. "దాచెయ్యి తల్లీ. యాభై రెండేళ్లు దాచాను. ఇంకో పదేళ్లు దాస్తే మా ముగ్గురికీ సరిపోతుంది."

ఆరాకి కూడా దాచెయ్యాలనే అనిపించింది. డిటెక్టివు బతుకులో ఇంత అందమైన నేరం మళ్లీ దొరకదు. కానీ సరిగ్గా అప్పుడే పైనుంచి టైగారి గొంతు వినిపించింది. ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ప్రెసిడెంటుగారూ, కళ్లజోడు పెట్టె నా దగ్గరే ఉంది. ముసలావిడ మీదికి నెట్టాలని చూస్తున్నారు గానీ, అసలు మనిషి పోస్టుమాస్టరే. అవునండీ, సాయంత్రం మీటింగులో మీరే చెప్పెయ్యండి..."

టీచరమ్మ మొహంలో నవ్వు పోయింది. "మా అన్నయ్యనా? దొంగనా?"

లేచింది. కాళ్ల నొప్పుల సంగతి మర్చిపోయి రెండేసి మెట్లు ఎక్కింది. ఆరా అందుకోలేకపోయింది. గదిలోకి వెళ్తూనే టైగారి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ప్రెసిడెంటూ, నేను లెక్కల టీచర్ని. నీకొచ్చిన ముప్ఫై మూడు మార్కులకి రెండు కలిపి పాస్ చేసినదాన్ని. ఫిల్ము కోసింది నేను. మా అన్నయ్య కాదు. ఆరింటికి హాలు తెరిచి ఉంచు." ఫోను టైగారి కోటు జేబులో పడేసి, మందుబిళ్లల డబ్బా ల్యాబాయన చేతిలో పెట్టింది. "ఎక్కించు నాయనా."

"చెల్లాయ్..." అన్నాడు పోస్టుమాస్టరు.

"ఏమోయ్, నువ్వెందుకు..." అన్నాడు డ్రైవరు.

"ఇద్దరూ నోరు మూసుకుని చూడండి."

ల్యాబాయన చేతులు కడుక్కున్నాడు. ముక్కని మెత్తటి గుడ్డతో తుడిచి మిషనుకి ఎక్కించాడు. నలభై సెకన్లలో స్కానింగ్ అయిపోయింది. మొత్తం రీలు వరసలో కలిపి, ఆఖరి రౌండు నుంచి నడిపించాడు.

తెరమీద చెరువు గట్టు. ఎండ. గీత పక్కన రౌండు నంబర్ల బోర్డు పట్టుకుని ఒక మనిషి. దూరం నుంచి ఏడో నంబరు, పదకొండో నంబరు. పోస్టుమాస్టరు, డ్రైవరు. భుజం భుజం రాసుకుంటూ, రోడ్డు చూడకుండా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తొక్కుతున్నారు.

"అదిగో, నేనే ముందున్నాను!" అన్నాడు డ్రైవరు.

"కళ్లాపరేషను ఇంకోసారి చేయించుకో బావా!"

వాళ్ల ముందు, ఇరవై గజాల దూరంలో, టోపీ పెట్టుకున్న ఒక బక్కపల్చటి సైకిలిస్టు. ఇరవై మూడో నంబరు. గీత దాటేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"వాడు ఒక రౌండు వెనకబడ్డవాడు" అన్నారు ఇద్దరూ ఒకేసారి. "మా పిన్ని కొడుకు" అని కలిపాడు పోస్టుమాస్టరు.

"కాదు" అంది ఆరా. "రీలు మొదటికి వెళ్లు." ల్యాబాయన వెనక్కి తిప్పాడు. "చూడండి. రెండో రౌండు నుంచీ ఇరవై మూడే ముందు. కానీ ఆ బోర్డాయన మీ ఇద్దర్నే చూస్తున్నాడు. మీరు దాటాకే నంబరు మారుస్తున్నాడు. ఈ మనిషి ప్రతిసారీ బోర్డు మారకముందే దాటేసింది. అందుకే అందరికీ ఒక రౌండు వెనక ఉన్నట్టు అనిపించింది."

"దాటేసింది అంటావేమిటమ్మా? వాడు..."

తెరమీద కెమెరా గీతని వదిలేసి ఇరవై మూడో నంబరు వెంట తిరిగింది. మలుపు దగ్గర, జనానికి కనపడని చోట, ఆ మనిషి ఒక కాలు నేలకానించి, ఎడమచేత్తో టోపీ తీసింది. రెండు జడలు జారి భుజాల మీద పడ్డాయి. పద్దెనిమిదేళ్ల పిల్ల. చెమటతో మెరుస్తున్న మొహం. కెమెరా వెనక ఉన్న చిన్నాన్న వైపు చూసి, ఊపిరందక, నోరంతా తెరిచి నవ్వింది.

ల్యాబాయన ఆ ఫ్రేము దగ్గరే బొమ్మ ఆపేశాడు.

"వాడికి ఆ రోజు జ్వరం" అంది టీచరమ్మ. "ఆడపిల్లలకి పందెం లేదన్నారు. చిన్నాన్నేమో టోపీ తెచ్చిచ్చాడు. ఫిల్ము కడిగించి తెచ్చాక ఈ ముక్క చూస్తూ ఇద్దరం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నవ్వాం. బయటపెడితే మీ ఇద్దరి మొహాలూ చూడలేమని, పాడైందని రాసేశాడు."

డ్రైవరు భార్య వైపు చూశాడు. తెర వైపు చూశాడు. మళ్లీ భార్య వైపు చూశాడు. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషిని అప్పుడే ఎవరో పరిచయం చేసినట్టు.

"మమ్మల్ని ఇరవై గజాలు ఎలా దాటావే?"

"మీరిద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ తొక్కారు. నేను రోడ్డు చూసుకుంటూ తొక్కాను."

పోస్టుమాస్టరు లేచి వచ్చి, వణికే చేత్తో చెల్లెలి తల నిమిరాడు. ఆయన కళ్లు నీళ్లతో నిండాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. ఏదో అనబోయి, ఉన్నట్టుండి బావగారి వైపు తిరిగాడు.

"బావా! అంటే యాభై రెండేళ్లుగా మనం కొట్టుకుంది రెండో స్థానం కోసమా?"

డ్రైవరు పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. తర్వాత మనిషంతా. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ల్యాబాయన నవ్వాడు. టైగారు కూడా నవ్వి, ఎవరైనా చూశారేమోనని టై సర్దుకున్నాడు. టీచరమ్మ మాత్రం ఇంకా నమ్మలేనట్టు, వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

నవ్వు ఆగాక డ్రైవరు కళ్లు తుడుచుకుని అన్నాడు. "సరే, రెండో స్థానం నాదే కదా!"

"నీదా? తెరమీద చూసి మాట్లాడు! బాబూ, ఒక్కో ఫ్రేమే నడుపు!"

ల్యాబాయన నడిపాడు. ఒక ఫ్రేములో రెండు ముందు చక్రాలూ గీతకి ఇవతల ఉన్నాయి. తర్వాతి ఫ్రేములో రెండూ గీత దాటేశాయి. వెనక్కి తిప్పాడు. మళ్లీ నడిపాడు. అంతే.

"సెకనుకి పదహారు బొమ్మలే తీసే కెమెరా ఇది" అన్నాడు. "మీ గెలుపేదో ఈ రెండు ఫ్రేముల మధ్య జరిగిపోయింది. దాన్ని నేనే కాదు, ఎవరూ ఎక్కించలేరు."

"అయితే ఒప్పుకోను" అన్నాడు పోస్టుమాస్టరు.

"నేనసలే ఒప్పుకోను" అన్నాడు డ్రైవరు. "మళ్లీ తొక్కుదాం. రేపు పొద్దున ఏడింటికి, చెరువు దగ్గర!"

"ఆరు రౌండ్లు!"

"బాబాయ్‌గారూ!" ఆరా నిజంగానే కంగారుపడి ఇద్దరికీ అడ్డం వెళ్లింది. "మీ చెయ్యి వణుకుతోంది. ఆయనకేమో కంటి ఆపరేషనై నాలుగు రోజులే అయింది. చెరువు చుట్టూ రెయిలింగైనా లేదు!"

"ఒక్క రౌండు చాలు" అన్నాడు డ్రైవరు, పెద్ద త్యాగం చేస్తున్నట్టు. "టైగారూ, గీత దగ్గర మీరుండాలి. ఆరా, నువ్వూ ఉండాలి. ఇద్దరూ చూస్తే గానీ నాకు నమ్మకం లేదు."

ఆరా, టైగారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జీవితంలో మొదటిసారి ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. వీళ్లని ఎలా ఆపడం?

"టీచరుగారూ, మీరైనా చెప్పండి!"

టీచరమ్మ అప్పటికే కిటికీ దగ్గర నిలబడి కిందికి చూస్తోంది. సంచీ ల్యాబు బల్ల మీద పెట్టేసింది. చీర చెంగు నడుం చుట్టూ తిప్పి దోపుకుంది.

"అమ్మాయ్, గేటు దగ్గర ఆ ఆకుపచ్చ సైకిలు ఎవరిది?"

"నాదేనండీ... ఎందుకు?"

"సీటు నాకు కాస్త ఎత్తేమో. చూసొస్తాను" అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

"అదెక్కడికి పోతోంది?" అన్నాడు పోస్టుమాస్టరు.

"ప్రాక్టీసుకి!" అని అరిచాడు డ్రైవరు.

బావా బావమరుదులిద్దరూ ఒక్క ఉదుటున తలుపు దగ్గరికి పరిగెత్తారు. ఇద్దరూ ఒకేసారి చేరారు. ఇద్దరూ ఒకేసారి దూరారు. గుమ్మంలో భుజాలు ఇరుక్కుపోయి, "నన్ను ముందు పోనీ!" "నువ్వే జరుగు!" అంటూ గింజుకుంటుంటే, కింద వీధిలో సైకిలు బెల్లు గణగణమని మోగింది.